మళ్ళీ చెప్పు

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు," అన్నారు జానకిరామ్.

బోర్డు దగ్గర నిలబడ్డ వినీల చేతిలో చాక్‌పీసు విరిగింది. అదే లెక్కను అప్పటికే రెండు రకాలుగా చెప్పింది. లెక్చరరై ఉండి ఆయన మొదటి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఎక్కడ అర్థం కాలేదు సార్?"

"అది కనుక్కోవాల్సింది నువ్వు. టీచరవుతానన్నది నువ్వేగా."

క్లాసంతా నవ్వింది.

ఆ మాట అన్నందుకే తనకు ఈ శిక్ష అని వినీల నమ్మకం. విజయవాడలోని ఆ కాలేజీలో అప్లయిడ్ మ్యాథమెటిక్స్, కంప్యూటింగ్‌తో ఎమ్మెస్సీ చేస్తున్నవాళ్ళంతా సాఫ్ట్‌వేరు ఉద్యోగాల మీద కన్నేసినవాళ్ళే. చేరిన రోజున జానకిరామ్ ఒక్కొక్కరినీ లేపి ఏమవుదామనుకుంటున్నారని అడిగితే, వినీల మాత్రం హైస్కూల్లో లెక్కలు చెబుతానంది. కూచిపూడి దగ్గర వాళ్ళ ఊరి బడిలో ఆమె పదో తరగతి చదివినప్పుడు లెక్కల టీచరే లేరు. గైడు చూసి బట్టీపట్టి గట్టెక్కినవాళ్ళు కొందరైతే, అక్కడితో చదువు మానేసినవాళ్ళు ఇంకొందరు. ఆ సంగతంతా చెప్పాక జానకిరామ్, అయితే రేపటినుంచి పాఠం నువ్వే చెప్పు అన్నారు.

వేళాకోళమనుకుంది. కాదు. ఆ తర్వాత ఆయన చాక్‌పీసు ముట్టుకోలేదు. ఏ పాఠమైనా ముందు వినీలే బోర్డు దగ్గరికి వెళ్ళాలి. ఒకప్పుడు ఆయన పుస్తకం తెరవకుండా బోర్డంతా నింపేసేవారని, ఆ పాఠం వినడానికి వేరే కాలేజీల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారని సీనియర్లు చెప్పుకునేవారు. అంతటి మనిషి ఒక్కదాన్నే పట్టుకుని ఏడిపిస్తున్నారంటే అది కక్షేనని తేల్చేసింది హాస్టల్లో ఆమె రూమ్మేటు కృప. ల్యాబ్‌లోనూ అంతే. వినీల ప్రోగ్రాం టైపు చేస్తుంటే వెనకే నిలబడి, ఈ లైను దేనికి, అదెందుకని గుచ్చి గుచ్చి అడిగేవారు. జవాబు సరిగ్గా వచ్చినా వదిలేవారు కాదు.

వినీల పంతానికి పోయింది. పుస్తకంలో మాటలు వదిలేసి సొంత మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. బైసెక్షన్ మెథడ్ చెప్పాల్సిన రోజున అసలు సమీకరణమే రాయలేదు.

"ఉయ్యూరు నుంచి పామర్రు వెళ్ళే బస్సు దారిలో ఎక్కడో ఆగిపోయిందనుకోండి సార్. మనం సగం దూరంలో నిలబడి, బస్సు ఇక్కడ దాటిందా అని అడుగుతాం. దాటిందంటే వెనక సగం వదిలేయొచ్చు. దాటలేదంటే ముందు సగం అక్కర్లేదు. మిగిలినదాంట్లో మళ్ళీ మధ్యకెళ్ళి అడుగుతాం. అలా పోతూ ఉంటే బస్సు దొరుకుతుంది. సమీకరణానికి జవాబు వెతకడం కూడా ఇంతే."

జానకిరామ్ ముఖంలో ఏదో కదిలింది.

"ఊఁ," అన్నారు. "కూర్చో."

ఆయన మళ్ళీ చెప్పమనకపోవడం అదే మొదటిసారి. గెలిచాననుకుంది వినీల.

మర్నాడు ఆయన క్లాసులోకి వస్తూనే ఆమెను లేపారు.

"బైసెక్షన్ మెథడ్ అంటే ఏమిటి?"

"నిన్ననే చెప్పాను సార్."

"నిన్నటి సంగతి నాకనవసరం. చెప్పు."

"పనికిరానంటే పనికిరానని చెప్పేయండి సార్. రోజూ అందరిముందూ ఈ అవమానం దేనికి?"

"ఆ మాటలన్నీ ఎందుకు? పాఠం చెప్పు."

ఆమె చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళే ఆమె తరఫున సాక్ష్యానికి వచ్చారు. ప్రిన్సిపాల్ జానకిరామ్‌ను పిలిపించి ఆమె ఎదుటే సంజాయిషీ అడిగారు. ఆయన తననే తప్పుపడతారని, ఏం అన్నా గట్టిగా బదులివ్వాలని వినీల సిద్ధంగా ఉంది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమే," అన్నారాయన. "ఇక నేను క్లాసుకి రాను."

క్షమాపణ అడగలేదు. ఆమె వైపు చూడనైనా లేదు. ఆ సాయంత్రం హాస్టల్లో కృప అందరికీ స్వీట్లు పంచితే, వినీల కూడా తీసుకుంది.

ఆ తర్వాత వచ్చిన లెక్చరరు ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. చదువు పూర్తవుతుండగా హనుమాన్ జంక్షన్‌లో ఒక స్కూలు వాళ్ళు వినీలను డెమో క్లాసుకు పిలిచారు. పిల్లలు ఎన్ని అడ్డు ప్రశ్నలు వేసినా ఆమె ఎక్కడా తడుముకోలేదు. ఒక పిల్లకు అర్థం కాకపోతే అదే లెక్కను ఇంకోలా చెప్పింది, అప్పటికీ కాకపోతే మరోలా చెప్పింది. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది.

ఆ వార్త చెప్పడానికి ఊరికి ఫోనైనా చేయకుండా, సత్యనారాయణపురంలో జానకిరామ్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది, తను పనికొచ్చానని ఆయనకే ముందు చూపించాలని. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"నాకు లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది సార్. మీకు చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. "ఎవరమ్మా నువ్వు?"

ఇంత చులకనా అని వినీలకు ఒళ్ళు మండిపోయింది. "రోజూ బోర్డు దగ్గర నిలబెట్టి ఏడిపించారే, ఆ వినీలని."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. వినీల గేటు తీస్తుండగా ఆయన భార్య పద్మావతమ్మ వెనకే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వినీలవి నువ్వేనా అమ్మా? కాలేజీ నుంచి వస్తే నీ పేరే ఎత్తేవారు."

"తిట్టుకోవడానికా అండీ?"

పద్మావతమ్మ తల అడ్డంగా ఊపింది.

"అన్నీ మర్చిపోయే జబ్బమ్మా ఆయనకి, ముందు లెక్కలే పోయాయి, నువ్వు చెబితేనే కాస్త అర్థమయ్యేవట."