ఇరవై ముగ్గురి కోట

కోట గోడ మీద ఇరవై ముగ్గురు నిలబడి ఉన్నారు. సవరయ్య వేలు పెట్టి మరీ లెక్కపెట్టాడు. ఇలా లెక్కపెట్టడం ఎన్నోసారో అతనికే తెలియదు.

కొడుకు శాంతికుమార్ గీసిన బొమ్మల కథ అది. పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ నడిపేవాడు. మిల్లు దగ్గర వంతు వచ్చేదాకా గంటలకొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్‌లో జపాన్ వాళ్ల బొమ్మల కథలు చూసి చూసి తనూ ఒకటి మొదలుపెట్టాడు.

మూడు నెలల కిందట అశ్వారావుపేట నుంచి ఇంటికి వస్తూ వాగులో పోయాడు. వరద రోడ్డు మీదుగా పారుతోంది. బైకు మాత్రం ఒడ్డున స్టాండు వేసి ఉంది.

లోతు చూద్దామని దిగి జారాడని తల్లి జోజమ్మ అంటుంది. కావాలనే దిగాడని ఊరు అంటుంది. సవరయ్యకు ఏది నిజమో తెలియదు. తెలియకే చస్తున్నాడు.

వాడి పెట్టెలో ఈ పుస్తకం దొరికిన రోజు అతనికి ప్రాణం లేచి వచ్చింది. రెండు వైపులా ఒకే తీరు అట్ట, ఎక్కడా పేరు లేదు. అయినా కొడుకు మనసు ఇందులో దొరుకుతుందనుకున్నాడు. దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

ముందు ఎనిమిది కాగితాలు ఖాళీ. తర్వాత కోట. మాటలు రాయాల్సిన గుండ్రటి గీతలున్నాయి గానీ లోపల మాటల్లేవు. బొమ్మలే.

మొదటి బొమ్మలో కోట చూస్తే గుండె నిండుతుంది. మనిషెత్తు రాతి గోడ. గోడ మీద ఫిరంగులు. వాగులో నీటి చక్రం తిరుగుతుంటే కోట మీద బల్బులు వెలుగుతున్నాయి. ఆడవాళ్లు మందుగుండు జాడీలు అందిస్తున్నారు. అవతలి ఒడ్డున శత్రువుల దివిటీలు. ఇంకేముంది, యుద్ధమే అనుకుని సవరయ్య ఆ రోజు గబగబా పేజీ తిప్పాడు.

యుద్ధం రాలేదు. కోట కరిగిపోవడం మొదలైంది.

రెండో పేజీలో ఫిరంగులు లేవు. మూడో పేజీలో బల్బులు లేవు. నీటి చక్రం చెక్కలు చెక్కలుగా నేల మీద పడి ఉంది. జాడీలు మాయమై, వాటి చోట గంధకం, బొగ్గు కుప్పలు మిగిలాయి. గోడ రాళ్లు వరసకు వరస తగ్గిపోయాయి.

మనుషులూ అంతే. గేటు దగ్గర డోలు పట్టుకున్న మనిషి తర్వాతి పేజీలో అడవి చెట్ల మధ్య చుక్కంతగా కనపడ్డాడు. ఆ తర్వాత ఆ చుక్కా లేదు. ఒక ముసలాయనకు మొదట కాలు బాగానే ఉంది. కాసేపటికి దానికి కట్టు ఉంది. ఇంకో పేజీకి కట్టు కూడా లేదు, నెత్తురే.

సవరయ్యను కోసేది ఇది కాదు. అవతలి ఒడ్డు వాళ్లు ఒక్క రాయి కూడా విసరలేదు. వాళ్ల దివిటీలు రెండో పేజీలోనే లేకుండా పోయాయి. శత్రువే లేడు, అయినా కోట పోయింది.

చివరికి ఒక్కడు. వాగు ఒడ్డున, రెండు చేతుల్లో రెండు రాళ్లతో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముఖం శాంతికుమార్‌దే, కనుబొమ్మ మీది గాటుతో సహా. బొమ్మ కింద, ఉత్తరం ముగించినట్టు, సంతకం.

“మల్ల ముంగటేసుకున్నవా?” జోజమ్మ అరిచింది. “నా కొడుకు జారి పడ్డడు. గంతే.”

“వాడే గీసి పెట్టి పోయిండే. అందర్నీ పంపించి, వాగు ఒడ్డున ఒక్కడే కూసున్నడు. సంతకం గూడ చేసిండు.”

“బొమ్మలు చూసి కన్నకొడుకును అనుమానిస్తవా?”

సవరయ్య పుస్తకం మూశాడు. రోజూ సాయంత్రం ప్రార్థనలో కొడుకు పేరు దగ్గరికి రాగానే అతని నోరు పెగలడం లేదు. కోపం కొడుకు మీద కాదు. పిల్లవాడు పేజీకి ఇంత చొప్పున కూలిపోతుంటే పక్క గదిలో హాయిగా నిద్రపోయిన తండ్రి మీద.

తిప్పి తిప్పి పుస్తకం కుట్లు ఊడాయి. అశ్వారావుపేట బజారులో బైండింగ్ చేసే హమీద్ దగ్గరికి తీసుకెళ్లాడు. కంటి ఆపరేషన్ చేయించుకుని తల్లాడలో కూతురింట్లో నాలుగు నెలలుండి, నిన్ననే వచ్చి షాపు తెరిచాడు హమీద్. సంగతి విని కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“ఊడిపోకుండ కుట్టియ్యి హమీద్ భాయ్. చెడ్డదో మంచిదో, వాని ఆఖరి మాట.”

హమీద్ అద్దాలు పెట్టుకుని పుస్తకం ఒళ్లో తెరిచాడు. తొందర లేకుండా ఒక్కో పేజీ తిప్పాడు. తిప్పుతున్న కొద్దీ ఆ ముసలి ముఖం విచ్చుకుంది.

“మస్తు గీసిండు సవరన్నా. ఏం ధైర్యం వానిది!”

సవరయ్యకు ఒళ్లు మండింది. “ధైర్యమా? ఉన్న కోటంత ఇప్పి పారేసిండు. పేజీ పేజీకి సచ్చిండు నా కొడుకు. నీకు కనబడుతలేదా?”

హమీద్ బిత్తరపోయి అతన్ని చూశాడు. తర్వాత పుస్తకాన్ని చూశాడు. ఊడిన దారాన్ని వేళ్లతో తడిమాడు.

“ఈ కుట్టు నాదే. తెల్ల కాగితాలు తెచ్చి నాతోనే కుట్టిచ్చుకున్నడు.” హమీద్ పుస్తకాన్ని అతని వైపు తిప్పాడు. “‘జపానోళ్ల కథలు గూడ మీ ఉర్దూ కితాబుల లెక్క కుడి దిక్కు నుంచే మొదలైతయ్ చాచా’ అన్నడు, నువ్వు ఇన్ని దినాలు ఆఖరి పేజీ నుంచి మొదటికి చదివినవ్ సవరన్నా.”