గడువు దాటిన కారు

"కారు నాది, దుడ్లు పెట్టి కొన్నది! ట్రాకు నాది, అదీ కొన్నదే! నెల బాడుగ ఒక్కరోజు లేటైతే నా కారుకే తాళమేస్తాడా వాడు? వాడబ్బ సొమ్మా?"

షాకీర్ ఫోన్లో వాజిద్ మీద విరుచుకుపడుతున్నాడు. నిజానికి వాజిద్ తప్పేమీ లేదు. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే ఆ స్నేహితుడు చేసిన పాపమల్లా, ఇద్దరూ కలిసి ఆడే ఆన్‌లైన్ కారు రేసులకు తన నెల చందా టైముకు కట్టుకోవడమే.

"అంత ఏడుస్తా కట్టేదెందుకురా? మానుకోరాదూ?" అన్నాడు వాజిద్.

"మానుకుంటే ఇన్నాళ్లు కొన్న కార్లన్నీ పోతాయి గదరా! అదే గదా వాళ్ల దొంగతనం! నిజం కారుతో ఇట్ల తోలాలంటే ఇల్లమ్మినా టైర్లకు చాలదు. ఆ ముక్క తెలిసే మన గొంతు మీద కూర్చున్నారు. పెట్టెయ్, ఆరున్నరకు ట్రాకులో చూసుకుందాం!"

గిద్దలూరులో తన బజారుకంతా కేబుల్ టీవీ, నెట్టు ఇచ్చేది షాకీరే. షాపులో బిల్లులు రాసే బల్లకు బిగించిన స్టీరింగు, కింద మూడు పెడళ్లు, ఎదురుగా పెద్ద టీవీ. ఇవాళ లీగులో ఆఖరి రేసు. ఏడాదంతా ఆడితే, ముందున్న వాజిద్ కంటే రెండే పాయింట్లు వెనకబడి ఉన్నాడు. గెలిస్తే కప్పు తనది. గడువు దాటింది కాబట్టి పాత రేటు చెల్లదంది ఆట కంపెనీ. పళ్లు నూరుకుంటూ కొత్త రేటే కట్టి తాళం తీయించుకున్నాడు.

తలెత్తితే బల్లకు అవతల ఆ బజారులోనే ఉండే వెంకటసుబ్బులమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో.

"నా టీవీ పోయింది షాకీరూ."

"పోలేదవ్వా, నేనే కట్ చేసినా. నీ గడువు నిన్నటితో అయిపోయింది."

"నిన్న దుడ్లు తీసుకొని వచ్చినా గదరా! షట్టరు సగం దించుకొని లోపల బుర్రుమని కారు తోల్తా ఉండావు. ఎంత పిలిచినా పలకలేదు."

నిన్న ప్రాక్టీసు చేసిన మాట నిజమే. నిజం కాబట్టే షాకీర్‌కు ఇంకా ఒళ్లు మండింది.

"అదంతా నాకు తెల్దు. మూడొందలు కాక, మళ్లీ కలిపేదానికి యాభై కట్టాల."

"ఎందుకు కట్టాల? టీవీ నాది. కేబుల్ డబ్బా నీ దగ్గరే కొంటి. ఒక్క నెల ఎగ్గొట్టినానా?"

"రూలంటే రూలే! బజారుకొక రూలు, నీకొక రూలు పెట్టాల్నా?"

"ఇప్పుడే గదరా ఎవర్నో తిడతా ఉండావు, ఒక్కరోజుకే తాళమేసినాడని?"

గురివింద గింజకు తన కింద నలుపు కనపడదు. చూపించినవాళ్ల మీద మాత్రం దానికి ఎక్కడలేని కోపం వస్తుంది. షాకీర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అది వేరే, ఇది వేరే! ఆటల సంగతి నీకేం తెలుసు? నాకు టైమైతా ఉంది. యాభై తెచ్చినాకనే రా, పో!"

"ఏడింటికి నా సీరియల్ ఉండాది నాయనా. ఆ పిల్లకు ఈపొద్దే కోర్టులో తీర్పు. ఆర్నెల్లుగా కాసుకొని కూర్చున్నా."

"దాన్ని ఉరేస్తే నాకేంది, ఊరేగిస్తే నాకేంది!"

ఆమె ముఖం ఎర్రబడింది. మూడు వంద నోట్లూ రొంటిన దోపుకుని మెట్లు దిగిపోయింది.

షాకీర్ షట్టరు సగం దించాడు. రేసు మొదలైంది. ఇరవై ల్యాపులు. కంపెనీ మీది కోపం, అవ్వ మీది కోపం అన్నీ కాలికిందికి దిగినట్టున్నాయి, పెడలు తొక్కుడుకు బల్ల ఊగిపోతోంది. "తప్పుకోండ్రా!" అని అరుస్తూ ఒక్కొక్కరినే దాటేశాడు. పందొమ్మిదో ల్యాపులో ముందర ఒక్క వాజిదే మిగిలాడు. ఆఖరి ల్యాపు మూడో మలుపులో లోపలివైపు దూరి వాజిద్‌నీ దాటేశాడు. ఇంకా రెండే మలుపులు.

తెర బిగుసుకుపోయింది.

కారు మలుపులో ఎక్కడిదక్కడే ఆగింది. స్టీరింగు తిప్పాడు, బల్ల మీద గుద్దాడు, టీవీని బూతులు తిట్టాడు. కనెక్షన్ పోయిందని తెర మీద ఒక ముక్క రాసి వచ్చింది. అంతలో ఫోను మోగింది.

"ఎక్కడికి మాయమైనావురా? నేనే గెలిచినా, కప్పు నాదే!" అవతల వాజిద్ కేకలు వేస్తున్నాడు.

ఫోను విసిరికొట్టబోయి ఆగి, షట్టరు ఎత్తి బయటపడ్డాడు. బజారంతా వీధిలోనే ఉంది. "మా టీవీ పోయింది షాకీరూ!" "మాకు నెట్టు రావడంలా!" అని తలా ఒక కేక. కరెంటు చూస్తే ఉంది. తీగ ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది తన షాపుకూ, ఈ ఇళ్లన్నిటికీ సిగ్నల్ పంచే ఇనప పెట్టె ఒక్కటే. అటు పరుగెత్తాడు.

ఆ పెట్టె ఉన్నది వెంకటసుబ్బులమ్మ వసారా గోడకు. "రెండ్రోజులే అవ్వా, తర్వాత స్తంభం మీదికి మార్చుకుంటా" అని తొమ్మిదేళ్ల కింద తగిలించినవాడు మళ్లీ దాని ఊసే ఎత్తలేదు. రాత్రీ పగలూ ఆమె ఇంటి మీటరు మీదే అది నడుస్తోంది.

పెట్టెలో ఒక్క దీపమూ వెలగడం లేదు. దాని ప్లగ్గు పీకి ఒళ్లో పెట్టుకుని వెంకటసుబ్బులమ్మ వసారాలో చాప మీద కూర్చుని ఉంది.

"ఏం పని చేసినావవ్వా! ఏడాది కష్టం! నా కప్పు పోయింది!" నడివీధి అని కూడా చూడకుండా అరిచాడు షాకీర్.

"అరవగాకు నాయనా," అందామె. "నా గోడకు, నా కరెంటుకు నెలనెలా కడతావా, ఏడాదికి ఒకేసారి కడతావా? ఏడాదికైతే ఒక నెల బాడుగ తగ్గిస్తా."