ఎర్ర ట్రే

“ఏవండీ, ఆ చొక్కా వేసుకుని మీరు స్టేజీ ఎక్కారంటే నేను లేచి ఇంటికొచ్చేస్తాను.”

ప్రొఫెసరుగారు చొక్కా వైపు చూసుకున్నారు. కాలరు అరిగింది కానీ ఇంకా ప్రాణముంది.

“అసలు వెళ్ళకపోతే ఏ చొక్కా అయినా ఫరవాలేదుగా” అన్నారు.

ఆవిడ వినిపించుకోలేదు. యూనివర్సిటీవాళ్ళు నెలనెలా వేసే పత్రికలో ‘మనవాళ్ళ విజయాలు’ అని ఒక పేజీ ఉంటుంది. ఎదురు క్వార్టర్సులో ఉండే ఆవిడ ఆ పేజీని వాళ్ళాయన ఫోటో పైకి వచ్చేలా మడిచి పట్టుకుని మరీ చక్కెరకు వచ్చేది. “అన్నయ్యగారి పేరు ఈసారీ పడలేదేంటి వదినా, అచ్చులో ఎగిరిపోయిందేమో” అని, చక్కెరతో పాటు పరువు కూడా గిన్నెలో పోయించుకుని వెళ్ళేది.

ఈ నెల పడింది. ఫోటోతో సహా. మిగతా పరిశోధకులు తమ రచనల్లో ఎక్కువసార్లు ప్రస్తావించిన పేపరు ఎవరిదని లెక్క తీస్తే, పెళ్ళైన కొత్తలో ఈయన రాసినదే పైకి తేలింది. ఇవాళే సన్మానం.

ఈవిడ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. రాంగు నంబరు తగిలితే వాళ్ళకీ చెప్పింది. “మీ అన్నయ్యగారు వాళ్ళ అన్నగారి ఆపరేషనుకి వెళితే, ఆ పేపరు కోసం పెంచిన మొక్కల్ని కనిపెట్టుకుని ఉన్నది నేనే వదినా” అని ఎదురింటావిడకి రెండుసార్లు చెప్పింది.

“ఒకసారి కూర్చో” అన్నారాయన. “ఆ పరిశోధకులంతా నన్నెందుకు తలుచుకున్నారో నీకు తెలుసా?”

“ఎందుకైతేనేం. మా పుట్టింటివాళ్ళు కూడా మిమ్మల్ని అన్నిసార్లు తలుచుకోరు.”

“నేను రాసింది తప్పని చెప్పడానికి.”

ఆవిడ కూర్చుంది.

“ఒక మందులో నానబెట్టిన విత్తనాలు మొలకెత్తితే, ఆ మొక్కలు వారాల తరబడి నీళ్ళు లేకుండా బతుకుతాయని రాశాను. మందు పెట్టినవి ఎర్ర ట్రేలో, పెట్టనివి నీలం ట్రేలో. ల్యాబు కప్పు కారుతోందని, చుక్క పడినా లెక్క పాడవుతుందని ఇంటికి తెచ్చాను. నీలం ట్రే మాడిపోయింది. ఎర్రది కళకళలాడింది. నువ్వూ చూశావుగా.”

“ఆఁ” అంది.

“ఆ తర్వాత ఎవరు చేసినా రెండు ట్రేలూ మాడిపోతున్నాయి. నేనే ఎన్నిసార్లు చేశానో. దగ్గర కూర్చుని మరీ మాడబెట్టాను. కొందరు నేను అంకెలు వండి వార్చానన్నారు.” నవ్వబోయి మానేశారు. “టీ కాచుకోవడమే రానివాణ్ణి. పోనీ తప్పు ఒప్పుకుందామంటే అదెక్కడుందో దొరికి చావదు.”

ఇస్త్రీ చొక్కా ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది.

“ఎంతమందికి ఫోను చేశావు?” అని మెల్లగా అడిగారు.

ఆవిడ చొక్కా మడతలు సర్దింది.

“నా మూలంగా నీకూ తలవంపులు” అన్నారు.

ఆవిడ నోరు తెరిచింది. ఏమీ అనకుండానే మూసేసింది. ఇన్నేళ్ళ కాపురంలో అలా ఎప్పుడూ జరగలేదు కనక ఆయన హడలిపోయి, మంచి చొక్కా గబగబా తొడుక్కున్నారు.

హాల్లో మొదటి వరసలో కూర్చోవాలని నాలుగు రోజులుగా అనుకున్న మనిషి, చివరి వరసలో స్తంభం చాటు వెతుక్కుంది. ఎదురింటావిడ ఊరుకుంటుందా? చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టింది.

“ముఖం అలా ఉందేంటి వదినా, దిష్టి తగిలిందా?”

“తలనొప్పి.”

“ఇంతమంది పండితుల నోట నానిన పేరు మన యూనివర్సిటీలో మరొకటి లేదు” అన్నారు వైస్ ఛాన్సలరుగారు. ఆ పేపరు ఆయన చదవలేదని గొంతులోనే తెలుస్తోంది. పూలగుచ్ఛాలు దండగని ఈమధ్య మానేశారట. ప్రొఫెసరుగారి చేతిలో ఒక చిన్న మొక్క కుండీ పెట్టారు.

ఆయన మైకు ముందు కాసేపు కుండీ వైపే చూస్తూ నిలబడ్డారు.

“నన్ను తలుచుకున్నవాళ్ళంతా నాది తప్పనే రాశారు” అన్నారు. “వాళ్ళు రాసింది నిజం. నేను ఎక్కడో పొరపాటు చేశాను. ఎక్కడో ఇప్పటికీ తెలియదు. దొంగ లెక్కలు మాత్రం రాయలేదు. నమ్మినవాళ్ళు నమ్మండి.”

వైస్ ఛాన్సలరుగారు మంచినీళ్ళు తాగారు.

“ఆ పరిశోధనలో తన వంతు పని సరిగ్గా చేసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. మా ఆవిడ. కొత్త పెళ్ళికూతురు. ఊరు వెళుతూ, ‘ఎర్ర ట్రే జాగ్రత్త, నా ప్రాణమంతా అందులోనే ఉంది, నీళ్ళ చుక్క తగలకూడదు’ అని చెప్పాను. మారు మాట్లాడకుండా తలూపింది. ఈ మర్యాద ఆమెకి దక్కాలి.”

వెనక ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత హాలంతా లేచి నిలబడింది. ఎదురింటావిడ మోచేత్తో పొడిచి ఆవిణ్ణి కూడా లేపింది. లేచింది కానీ తల మాత్రం ఎత్తలేదు.

“ఎంత సిగ్గో చూడు” అనుకున్నారు పక్కన ఎవరో.

ఆయన కిందికి దిగి వచ్చి, కుండీ ఆవిడ చేతిలో పెట్టారు. ఎన్నేళ్ళుగానో మోస్తున్న బరువు దింపుకున్నవాడిలా ఉంది ముఖం.

“నీ దగ్గరే ఉంచు. నీ చేతి చలవ మంచిది” అన్నారు.

“అదృష్టవంతురాలివి వదినా” అంది ఎదురింటావిడ, మొదటిసారిగా మనస్ఫూర్తిగా.

ఆయన ప్రాణమంతా అందులోనే ఉందన్నారు కదా, ఆ మొక్కలు వాడిపోతే ఆయనేమైపోతారోనని, ఆయన ఊళ్ళో లేనన్నాళ్ళూ పొద్దున్నే లేచి ఆ ఎర్ర ట్రేకి మాత్రం గ్లాసుడు నీళ్ళు పోసింది ఆవిడే.