శుక్రవారం గుగ్గిలం

“పొగ బయటికి పోతే ఫలితం కూడా పోద్దే!” అంటూ జగదీశ్వరరావు హాల్లో కిటికీలన్నీ బిగించేశాడు. కొయ్యూరు సంతలో కొన్న గుగ్గిలం గుప్పెడు తీసి ధూపం గిన్నెలో నిప్పుల మీద వేశాడు. నర్సీపట్నంలో ఆ ఫ్లాటు కొన్నప్పటినుంచీ ప్రతి శుక్రవారం ఇదే తంతు. ఇంట్లోకి దిష్టి రాకపోవడం మాటేమోగానీ, గాలి మాత్రం రావడం మానేసింది.

అతని భార్య పుష్పవతి దగ్గుతూ, “ఒక్క రెక్కయినా తియ్యండి, ఊపిరాడతం లేదు” అంది.

“దేవుడి పొగకి ఎవులూ సావరు, కూకో.”

ఆమె కళ్లు మండాయి. తల గిర్రున తిరిగింది. గోడ పట్టుకుని అటూ ఇటూ ఊగింది.

జగదీశ్వరరావు చటుక్కున ఆమె కాళ్ల మీద పడ్డాడు. “వచ్చీసేవా అమ్మా! ఏటి కావాలో సెప్పు తల్లీ!”

పదకొండేళ్ల కాపురంలో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

“కిటికీలు తియ్యరా!” అని ఆమె అరిచింది.

పరుగెత్తుకెళ్లి అన్నీ తీశాడు.

“నిప్పులు ప్లాస్టిక్ స్టూలు మీద పెడతావేట్రా ఎదవా? గచ్చు మీదెట్టు!”

పెట్టాడు.

చల్లగాలి తగిలింది. రెండు నిమిషాల్లో పుష్పవతికి తల తిరగడం పూర్తిగా తగ్గిపోయింది.

జగదీశ్వరరావు చేతులు జోడించి, “శాంతించేవా తల్లీ?” అని అడిగాడు.

పుష్పవతి జుట్టు ముడి విప్పుకుని మళ్లీ ఊగడం మొదలెట్టింది.

“అప్పుడే ఏటి శాంతం? వంటింటికి ఎగ్జాస్టు ఫేను కావాలని నా బిడ్డ ఎన్నేళ్లబట్టి మొత్తుకుంతందిరా!”