పగటి నిద్ర

“పుస్తకాలున్నాయి. మీ తమ్ముడిచ్చిన ఆఫీసు పాత రూటరుంది. ఇంట్లో కూకుని సదువుకోలేవేటి? ద్వారకా నగర్ కోచింగులో ఫీజు కడితేగానీ ఆ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ రాదేటి?”

గంగాభవాని గొంతు తగ్గించే కోడల్ని దులిపేస్తోంది. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చిన కొడుకు పక్కగదిలో పడుకున్నాడు మరి.

ఆశాజ్యోతి వెళ్లి హాలు మూలనున్న రూటరు స్విచ్చి వేసింది. దాని లోపలున్న ఫ్యాను హోరుమంది.

“ఆపండే ఆ మోత. మనిషి పడుకోవద్దా?” గదిలోంచి శివరామకృష్ణ అరిచాడు.

గంగాభవాని గబగబా వచ్చి స్విచ్చి తీసేసింది.

“చూశారుగా అత్తయ్యా, రోజూ నా చదువు ఇదే. ఆయన పడుకుంటే ఇది వెయ్యకూడదు. లేస్తే నేను వంటింట్లో ఉండాలి. రాత్రి ఈ హాల్లో మీరు పడుకుంటారు. ఇంక నేనెప్పుడు నేర్చుకోను?”

“నీకు నోరు బాగా లేస్తంది.”

అందే గానీ గంగాభవాని చెయ్యి ఇంకా ఆ స్విచ్చి మీదే ఉంది. ఒకప్పుడు ఆ మూలే ఆమె కుట్టుమిషను ఉండేది. దాని చప్పుడుకి ఆమె భర్తా ఇలాగే అరిచేవాడు. చివరికి ఎవరికో ఇచ్చేశారు.

“క్లాసు ఎన్నింటికి?” అంది కటువుగానే.

“పదింటికి.”

“వంట నాను సేత్తాను, ఎల్లు. నీ మీద పేమనుకునేవు. ఆడి నిద్దర పాడవకూడదని.”

లోపల కొడుకు పడుకున్నాడన్న సంగతే మరిచిపోయి, ఆ మాట ఆమె గట్టిగానే అంది.