నాలుగు నల్ల గ్లాసులు

"ఇవాళ మీ ముక్కు పదునెంతో చూడాల్సిందే!" అంటూ కంపెనీ యజమాని నాలుగు నల్ల గ్లాసుల్ని భోజనాల బల్ల మీద వరసగా పేర్చాడు.

ఇంటాయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఆయన ఓ చిన్న బీరు కంపెనీలో రుచి చూసి చెప్పే ఉద్యోగి. కంపెనీలో వాచ్‌మన్‌తో సహా అందరూ ఆయన్ని "ముక్కుగారు" అనే పిలుస్తారు. ఆ ముక్కు కాస్తా నెల కిందట జ్వరంతో పాటే పోయింది. చూడ్డానికి మొహం మీద నిక్షేపంలా ఉంది గానీ, కాఫీకీ సబ్బునీళ్లకీ తేడా పట్టడం లేదు. ఈ సంగతి భార్యకి తప్ప ఇంకో పురుగుకి తెలియదు. తెలిసిన రోజున ఉద్యోగం ఊడుతుంది.

"ఆదివారం పూట మీకెందుకండీ శ్రమ? రేపు ఆఫీసులో చూసేవాణ్ణిగా" అన్నాడు.

"ఆఫీసులో పదిమంది చేరి పదిరకాలుగా వాగుతారు. ఇల్లయితే ప్రశాంతం. మూడు పక్క కంపెనీలవి, ఒకటి మన మూడో ట్యాంకుది. ఏది ఎలా ఉందో చెప్పండి, ఏది మనదో చెప్పండి. మన సరుకు రేపు సీసాల్లోకి ఎక్కాలా, కాలవలోకి పోవాలా అన్నది మీ నోటిమాట మీదే ఉంది" అంటూ, కాగితం చుట్టిన సీసాల్లోంచి యజమాని తనే స్వయంగా పోశాడు.

మామూలు గ్లాసులైతే రంగు చూసో, నురగ చూసో ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చేవాడు. నల్ల గ్లాసులో ఏం కనిపిస్తుంది? మొదటిది ఎత్తి గట్టిగా వాసన పీల్చాడు. ఏమీ లేదు. ఓ గుక్క తాగి నోట్లో తిప్పాడు. చల్లగా ఉంది, కాస్త చేదుగా ఉంది. ఆ మాత్రం దారిన పోయేవాడు కూడా చెబుతాడు. దిక్కుతోచక వంటింటి వైపు చూశాడు.

ఆ చూపు కోసమే కాచుకున్నట్టు భార్య బ్రెడ్డుముక్కల పళ్లెంతో వచ్చింది. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోనంటే నేనూ ఓ చుక్క చూడనా? ఈయన చెబుతుంటే వినడమే గానీ..."

"భేషుగ్గా చూడమ్మా! రా, కూర్చో."

ముక్కుగారికి ప్రాణం లేచొచ్చింది. జ్వరం తగ్గిన మర్నాటి నుంచీ ఈ బల్ల దగ్గరే ఇద్దరూ సాధన చేస్తున్నారు. ఆయన సీసాలు తెస్తాడు, ఆమె చప్పరించి తనకి తోచింది చెబుతుంది. దాన్ని కంపెనీ భాషలో ఏమంటారో ఆయన నేర్పుతాడు.

ఆమె చిన్న గ్లాసులోకి కాస్త వంపుకుని చప్పరించింది. "అబ్బే! తడిసిన అట్టపెట్టె వాసనండీ."

"గాలి తగిలింది" ముక్కుగారు వెంటనే అందుకున్నాడు. "మూత సరిగ్గా పడలేదు. మనది కాదు."

యజమాని చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

రెండోది. "దీనికి వెన్న వాసన అన్నయ్యగారూ. నాలుక మీద జారిపోతోంది."

"తొందరపడి దించేశారు. ఇంకో మూడు రోజులు ట్యాంకులో ఉంచాల్సింది. మనది కాదు."

మూడోది. "ఉడికించిన మొక్కజొన్న!"

"సరిగ్గా మరగనివ్వలేదు. ఇదీ మనది కాదు." ముక్కుగారి గొంతులో పాత ధీమా తిరిగొచ్చింది. గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు.

ఆమె నాలుగోది కూడా చప్పరించింది. నోరు తెరిచేలోపు యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. ఈ ఒక్కటీ ముందు ఆయన్ని చెప్పనీ."

ముక్కుగారు తాగాడు. మళ్లీ తాగాడు. అదే చల్లదనం, అదే చేదు. బల్ల కింద భార్య కాలిని మెల్లిగా తట్టాడు. ఆమె తలెత్తలేదు. మరోసారి తట్టాడు. ఆమె బ్రెడ్డుముక్కని పొడిపొడిగా నలుపుతూ కూర్చుంది. ఇంత అసహాయంగా తనెప్పుడూ లేడు. జ్వరంలో కూడా లేడు.

"ఇదే మనది" అన్నాడు చివరికి, మిగిలింది అదొక్కటే కాబట్టి. "బ్రహ్మాండంగా ఉంది. రేపే సీసాల్లో పోయించండి."

"నీకేమనిపించింది చెల్లెమ్మా?"

ఆమె తన గ్లాసు పక్కకి జరిపింది. "మనదే అన్నయ్యగారూ. కానీ ఆస్పత్రి వాసన కొడుతోంది. కట్లు కట్టే గదిలో వస్తుందే, అలా. జనానికి పోయించకండి."

యజమాని పుస్తకం మూశాడు. "పొద్దున ల్యాబు వాళ్లూ అదే చెప్పారు. ట్యాంకు పాడైందట."

ముక్కుగారు గ్లాసు కింద పెట్టాడు. ఇక దాచి లాభం లేదు. "క్షమించండి సార్. నెల రోజులుగా నాకు వాసన తెలియడం లేదు. మా ఆవిడ నోటితో బతుకుతున్నాను. ఉద్యోగం పోతుందన్న భయంతో దాచాను."

"తెలుసు."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

యజమాని ఆమె వైపు తిరిగాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె ముందు పెట్టి, "పోయిన వారం నువ్వు పంపిన దరఖాస్తులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు చెల్లెమ్మా, రేపు తొమ్మిదింటికి వచ్చి ఈయన కుర్చీలో కూర్చో" అన్నాడు.