నాళం మీద వాత

బస్సు కండక్టర్ నెత్తురు కక్కుకున్నాడు. పిత్తాశయం తీసేసి ఇంటికి పంపిన మనిషి, నెల తిరక్కముందే స్ట్రెచర్ మీద తిరిగొచ్చాడు. కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లు చల్లబడింది.

"రాళ్లతోపాటు సంచి కూడా తీసేశాం, పీడా విరగడైందన్నారు కదయ్యా!" భార్య సర్జన్ చేయి పట్టుకుని నిలదీసింది. "మరి ఈ నెత్తురెక్కణ్ణించి?"

"అల్సర్ అయ్యుంటుందమ్మా," అన్నాడు సర్జన్. ఆ మాట ఆయనకే అతికినట్టు లేదు.

నోట్లోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు జాడే లేదు. పైత్యరసం దిగే రంధ్రంలోంచి నెత్తురు బొట్లుబొట్లుగా కారుతోంది. స్కానింగ్‌లో దొంగ దొరికింది. కాలేయానికి వెళ్లే రక్తనాళం మీద, ఆపరేషన్‌లో వేసిన క్లిప్పు పక్కనే, చిన్న బుడగ. అది చిట్లి పైత్యనాళంలోకి కారుతోంది.

రక్తనాళాల డాక్టరమ్మ ఒకప్పుడు సర్జన్ దగ్గర పని నేర్చుకున్న పిల్లే. తెర మీద ఆ బుడగ చూపించింది.

"ఎక్కడో నూటికో కోటికో ఒకరికి వస్తుంది సార్. తొడ దగ్గర్నుంచి సన్నగొట్టం పంపి, తీగచుట్ట పెట్టి మూసేస్తాను." తెర మీద క్లిప్పు పక్కన వేలు పెట్టింది. "ఆపరేషన్ రోజు ఇక్కడేమైనా వాత పడిందా?"

పడింది. రక్తం చిమ్మితే, ఎక్కణ్ణించో చూడకుండానే కరెంటు కడ్డీతో హడావిడిగా కాల్చేశాడు.

"గుర్తులేదమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూడలేదు. "వాళ్లకి మీరే చెప్తే బాగుంటుంది సార్," అని లోపలికెళ్లిపోయింది. ఆయనకు చెప్పుతో కొట్టినట్టయింది.

నెత్తురు ఆగింది. ప్రాణం దక్కింది. మర్నాడు సర్జన్ వార్డు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు. మళ్లీ వచ్చాడు. చివరికి గుండె చిక్కబట్టుకుని లోపల అడుగు పెట్టాడు.

"మీకో మాట చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనివ్వండి సార్." కండక్టర్ చేతులు జోడించాడు. కళ్లనిండా నీళ్లు. "టికెట్ లేనోణ్ణి నలుగుర్లో నిలబెట్టి కడిగేసే నేను, మీ దగ్గర దొంగాట ఆడాను. ఆపరేషన్ వాయిదా వేస్తారన్న భయంతో చెప్పలేదు. నెత్తురు పలచబడే మాత్రలు ముందురోజు దాకా మింగుతూనే ఉన్నాను. నా మూలాన మీకు చెడ్డపేరు..."

భార్య తలెత్తలేకపోయింది. "ఈయన నిర్వాకం తెలీక మిమ్మల్ని నిలదీశానయ్యా. కడుపులో పెట్టుకోండి."

మాత్ర నెత్తుర్ని పలచబరుస్తుంది గానీ నాళానికి వాత పెట్టదు. ఆ సంగతి ఆ గదిలో ఒక్కరికే తెలుసు. ఆయన చెవులు వేడెక్కాయి. నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

సర్జన్ కండక్టర్ భుజం తట్టాడు.

"పోన్లెండి. ఇక మీదటైనా డాక్టర్ల దగ్గర ఏదీ దాచకండి."